చార్టులో మోనో (ఇన్ఫెక్షియస్ మోనోన్యూక్లియోసిస్ అనే వైరల్ జ్వరం), పాలీన్యూరోపతీ (నరాల జబ్బు) విడివిడిగా రాసి ఉంటే మెడికల్ కోడర్ బి27.01 కోడ్ వేయొచ్చా? క్వెరీ పెట్టాలా, అంటే డాక్టర్‌నే రాసి అడగాలా?

మీ ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. డాక్టర్ ఒక లైన్లో ఇన్ఫెక్షియస్ మోనోన్యూక్లియోసిస్ అని, ఇంకో లైన్లో పాలీన్యూరోపతీ అని రాసి, రెండింటికీ సంబంధం ఉందని రాయకపోయినా కలిపి కోడ్ చేయొచ్చు. రోగాల కోడ్ పుస్తకం ఐసీడీ-10-సీఎం ఇండెక్స్‌లో మోనోన్యూక్లియోసిస్ కింద "విత్" అన్న మాట దగ్గరే పాలీన్యూరోపతీ ఉంది. అలా ఉన్నప్పుడు సంబంధం ఉన్నట్టే అనుకోమని గైడ్‌లైన్సే చెబుతున్నాయి. డాక్టర్ దానికి వేరే కారణం రాస్తే మాత్రం కుదరదు.

కానీ మీరు బి27.01 అంటున్నారు. అక్కడే నాకు భయం. 01 వేయాలంటే ఎప్‌స్టీన్-బార్ వైరస్ అని డాక్టర్ రాసి ఉండాలి. వైరస్ పేరు లేకుండా ఉత్త "మోనో", పాలీన్యూరోపతీ అని ఉంటే అది బి27.91. ఈ తేడా నేను పుస్తకం చదివి నేర్చుకోలేదు, ఒక ఆడిట్‌లో తిట్లు తిని నేర్చుకున్నాను.

అప్పటికి నేను ఇన్‌పేషెంట్ చార్టులకు కొత్త. షిఫ్ట్ అయిపోవస్తోంది, టార్గెట్‌కి ఇంకా రెండు చార్టులు తక్కువ. అప్పుడు వచ్చిందది. పేషెంట్ కాలేజీ కుర్రాడు. జ్వరం, గొంతు నొప్పి, మెడలో గడ్డలు, ఆ తర్వాత మూతి ఒక పక్కకి పోయింది. డిశ్చార్జ్ సమ్మరీలో "మోనో" అని, దాని కింద "ఫేషియల్ వీక్‌నెస్, తగ్గుతోంది" అని ఉంది, అంతే. ల్యాబ్‌లో ఈబీవీ (అదే ఎప్‌స్టీన్-బార్ వైరస్) ఐజీఎం పరీక్ష పాజిటివ్. నరాల సమస్య కదా అని బి27.01 వేసి, సబ్మిట్ కొట్టి, బ్యాగు సర్దుకున్నాను.

రెండు రోజుల తర్వాత ఆడిటర్ మేడమ్ పిలిచారు. కేకలేయలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది.

"పాలీ అంటే ఏంటమ్మా?"

"చాలా, మేడమ్."

"ఈ అబ్బాయికి ఎన్ని నరాలు దెబ్బతిన్నాయి?"

ఒక్కటి. ఏడో క్రేనియల్ నర్వ్, మూతి కదిలించే నరం. నా నోట మాట రాలేదు. ఊరుకుని ఉంటే ఒక్క ఎర్రర్‌తో పోయేది. నేను రిబటల్ (ఎర్రర్ మీద అభ్యంతరం) పెట్టాను, ఈబీవీ అయితే కరెక్టే కదా, ల్యాబ్‌లో పాజిటివ్ ఉంది కదా అని. ల్యాబ్ రిపోర్టు ప్రొవైడర్ (వైద్యం చేసే డాక్టర్) కాదు, దాన్ని చూసి రోగానికి పేరు పెట్టే అధికారం కోడర్‌కి లేదు అని సమాధానం వచ్చింది. రెండో ఎర్రర్. ఆ నెల నా అక్యురసీ గురించి అడక్కండి.

అసలు తమాషా ఏంటంటే, మీ చార్టులో చెల్లే "విత్" రూలు నా చార్టులో చెల్లదు. ఇండెక్స్‌లో పేరు పెట్టి ఉన్నవి మెనింజైటిస్, పాలీన్యూరోపతీ. మిగతా కాంప్లికేషన్లన్నీ "వేరే చోట చెప్పనివి" అనే ఒక్క మూటలో ఉన్నాయి. ఆ మూటలోవాటికి సంబంధం మనం ఊహించుకోకూడదు, డాక్టరే రాయాలి. పైగా ఉత్త ఫేషియల్ వీక్‌నెస్ అంటే అది లక్షణం మాత్రమే, ఆర్29.810కి పోతుంది. పాల్సీ (పక్షవాతం) అని రాస్తేనే జి51.0.

సరే, క్వెరీ పెట్టాను. మొదటి డ్రాఫ్ట్‌లో "ఫేషియల్ పాల్సీ ఈబీవీ మోనో వల్లే అని దయచేసి రాయగలరు" అన్నాను. టీమ్ లీడ్ చదివి నవ్వి వెనక్కి పంపారు. జవాబు మన చేత్తో అందించకూడదట, అది లీడింగ్ క్వెరీ. లక్షణాలు, ల్యాబ్ విలువలు, ఏ నోట్‌లో ఏముందో పెట్టి, రోగం ఏంటి, కారణం ఏంటి అని అడిగి, "ఇతరం", "చెప్పలేము" అన్నవి కూడా ఆప్షన్లుగా ఇచ్చి మళ్లీ రాశాను. తొమ్మిది రోజులకు డాక్టర్ నుంచి ఒక్క లైన్ వచ్చింది: ఈబీవీ మోనోన్యూక్లియోసిస్ వల్ల ఫేషియల్ పాల్సీ. బి27.09 (ఈబీవీ మోనో, ఇతర కాంప్లికేషన్లతో), జి51.0. పని అయిపోయింది. ఆ ఒక్క లైన్ డిశ్చార్జ్ రోజే రాస్తే ఆయన సొమ్మేం పోయేదో!

అన్నట్టు, అదే చార్టులో ఒక నోట్‌లో ఎడమ పక్క అని, ఇంకో నోట్‌లో కుడి పక్క అని ఉంది. జి51.0కి ఎడమా కుడీ అక్కర్లేదు కాబట్టి బతికిపోయాను. ఈ కాపీ-పేస్ట్ నోట్లు వచ్చాక డాక్టర్ రాసింది ఏదో, నిన్నటి నోట్ నుంచి మోసుకొచ్చింది ఏదో తెలియడం లేదు. ఆరో రోజు నోట్‌లో కూడా "ఈరోజు అడ్మిట్ అయ్యారు" అని ఉంటుంది. గంటకి ఇన్ని చార్టులు అని లెక్కపెట్టే మేనేజర్లు ఒక్క రోజు కూర్చుని ఇలాంటివి చదివితే టార్గెట్ సగానికి దించుతారని నా గట్టి నమ్మకం.

కొత్తవాళ్లు క్వెరీ పెడితే తమకి పని రాదనుకుంటారేమో అని భయపడతారు. నేను చూసినంతలో క్వెరీ పెట్టని వాళ్లకే ఎర్రర్లు ఎక్కువ.

ఇక మీ చార్టు. సంబంధం కోసం క్వెరీ అక్కర్లేదు, వైరస్ పేరు కోసం పెట్టండి. సీఎంవీ (సైటోమెగలోవైరస్) అని తేలితే కోడ్ బి27.11 అవుతుంది, మోనోస్పాట్ (మోనోకి చేసే రక్త పరీక్ష) నెగటివ్ వచ్చిన కేసుల్లో అది కూడా ఉండొచ్చు. జవాబు రాకపోతే బి27.91 దగ్గరే ఆగండి. జి63 (వేరే రోగాల వల్ల వచ్చే పాలీన్యూరోపతీ) మాత్రం పక్కన చేర్చకండి, దాని కింద ఎక్స్‌క్లూడ్స్1లో, అంటే కలిపి వేయకూడని వాటి జాబితాలో, మోనో పేరు ఉంది. అవుట్‌పేషెంట్ చార్టయితే "ప్రాబబుల్ ఈబీవీ" అని ఉన్నా ఈబీవీ వేయకూడదు. ఇన్‌పేషెంట్‌లో డిశ్చార్జ్ నాటికి అలా రాసి ఉంటే వేయొచ్చు. మీది ఏదో ప్రశ్నలో రాయలేదు, చూసి చెప్పండి.