బెరా పరీక్షకు వచ్చే ముందు

అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నీ ఏడుపే ఎక్కువ వినబడింది, విషయం తక్కువ. నేను నోటితో చెబితే సగం నువ్వు మర్చిపోతావు, మిగతా సగం మా అమ్మ మధ్యలో దూరి మార్చేస్తుంది. అందుకే పసివాడి చెవుల సంగతి, వాడికి చేయించాల్సిన బెరా (శబ్దం చెవి నుంచి మెదడు దాకా వెళ్తోందో లేదో చూసే పరీక్ష) సంగతి రాస్తున్నాను, తీరిగ్గా రెండుసార్లు చదువుకో.

పసివాడి చీటీ మీద ‘రిఫర్’ అని రాసినంత మాత్రాన చెవుడని కాదు. ఆ ఓఏఈ (పసిపిల్లల చెవులకు చేసే మొదటి పరీక్ష) మిషన్ చెప్పగలిగేవి రెండే, పాస్ లేదా రిఫర్, అంటే మళ్లీ చూడాలని. చెవిలో చిన్న రబ్బరు మొన పెట్టి సన్నటి శబ్దం పంపిస్తారు. లోపలి చెవిలో, కాక్లియాలో ఉండే వెంట్రుక కణాలు బాగుంటే అవి తిరిగి ఇంకా సన్నటి శబ్దం చేస్తాయి. మొనలో ఉన్న మైకు దాన్ని పట్టుకుంటుంది. పుట్టిన ఒకటి రెండు రోజుల్లో చెవి దారిలో ఉమ్మనీరు, తెల్లటి జిడ్డు ఉంటాయి కదా, ఆ శబ్దం బయటికి రాకుండా అవే అడ్డుపడతాయి. వార్డులో జనం గోల, పిల్లవాడి ముక్కు గురగుర కూడా చాలు, రిఫర్ అని వచ్చేస్తుంది. మళ్లీ చేసినప్పుడు చాలామంది పిల్లలు పాస్ అవుతారు.

అలాగని ‘చూద్దాంలే’ అని కూర్చోవద్దు. మొదటి పరీక్ష 1 నెలలోపు, లోపం ఉందో లేదో తేల్చడం 3 నెలల్లోపు, ఉంటే వినికిడి మిషనో వైద్యమో మొదలుపెట్టడం 6 నెలల్లోపు. డాక్టర్లు పాటించే లెక్క ఇది. మనవాడికి ఇప్పటికే ఏడు వారాలు.

ఇక మా అమ్మ కంచం పరీక్ష సంగతి. వెనక నుంచి గరిటెతో కంచం మోగిస్తే ఉలిక్కిపడ్డాడట, చెవులు బంగారమట. ఆమెకు చెప్పి లాభం లేదు కాబట్టి నీకు చెబుతున్నా. కంచం మోత చాలా పెద్ద శబ్దం. ఒక మాదిరి లోపం ఉన్న బిడ్డకూ అది వినబడుతుంది, వినబడనివి మెల్లగా మాట్లాడే మాటలు. పైగా నీడ కదిలినా, మంచం అదిరినా పసివాళ్లు ఉలిక్కిపడతారు. ఒక చెవి బాగుండి రెండోది బాగాలేకపోయినా కంచంతో ఎప్పటికీ తెలియదు.

వాడు ఎన్ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో, తొమ్మిది రోజులు ఉన్నాడు. కాబట్టి రెండోసారి ఓఏఈ పాస్ అయినా సరే, బెరా చేయించాల్సిందే. ఓఏఈ లోపలి చెవి దాకానే చూస్తుంది. అక్కడి నుంచి మెదడుకు వెళ్లే నరం సంగతి అందులో తేలదు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో, కామెర్లు ముదిరి రక్తం మార్చినవాళ్లలో కాక్లియా బాగుండి నరం దగ్గర తేడా రావచ్చు. దానికి తోడు మీది మేనరికం. తప్పు పట్టడం లేదు, మా తమ్ముడికి నిన్ను ఇచ్చినప్పుడు ముందు వరసలో నిలబడి అక్షింతలు వేసినదాన్ని నేనే. తల్లికీ తండ్రికీ చెవులు బాగున్నా, ఇద్దరిలో దాగి ఉన్న ఒకే జన్యులోపం బిడ్డలో కలిస్తే పుట్టు చెవుడు వచ్చే అవకాశం ఉంది. డాక్టరు అడిగితే ‘దూరపు చుట్టరికం’ అని నసగకుండా మేనమామనే చేసుకున్నానని చెప్పు.

బెరా అంటే భయపడాల్సిందేమీ లేదు. నుదుటి మీద, చెవుల వెనక చిన్న ఎలక్ట్రోడ్లు అతికిస్తారు. చెవిలో క్లిక్ శబ్దాలు వినిపిస్తూ, నరం నుంచి వచ్చే సంకేతాల్ని తెర మీద అలలుగా చూస్తారు. శబ్దం తగ్గించుకుంటూ పోయి, ఐదో అల ఎంత చిన్న శబ్దం దాకా కనబడుతుందో రాసుకుంటారు. సూదులుండవు, ఒంట్లోకి కరెంటు పంపరు. వాడు చేయాల్సిందల్లా నిద్రపోవడం.

అదే కష్టం! వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టుగా ఇన్నేళ్లు ఆ గదిలో కూర్చున్నదాన్ని, తాడిపత్రి నుంచి వచ్చే తల్లులందరిదీ ఒకటే గోడు. బస్సు ఊపుకు బిడ్డ అనంతపురం దాకా హాయిగా నిద్రపోతాడు, గదిలోకి రాగానే కళ్లు ఇంతలేసి చేసుకుని ఆటలు మొదలుపెడతాడు. కదిలితే కండరాల సంకేతాలే తెర నిండా వచ్చి, అసలు అలలు కనబడవు. అందుకని ఆ రోజు వాణ్ణి తెల్లవారుజామునే లేపు. బస్సులో అరికాళ్లు నిమురుతూ, మాట్లాడిస్తూ రా. ఆకలికి మాడ్చమని కాదు, ఒక పూట పాలు మాత్రం పరీక్ష గది పక్కనే పట్టేలా చూసుకో. పొట్ట నిండితే వాడే పడుకుంటాడు. అప్పటికీ పడుకోకపోతే నిద్రమందు ఇవ్వాలో వద్దో అక్కడి డాక్టరే చూస్తారు. మెడికల్ షాపులో సిరప్ కొని ఇంట్లోనే పోసి తీసుకురావద్దు, అది ప్రమాదం.

ముందురోజే తలకు పోసి జిడ్డు వదిలించు. పరీక్ష రోజు ఆముదం, పౌడరు ఏవీ వద్దు. నుదుటి మీద దిష్టిచుక్క కూడా వద్దు, ఎలక్ట్రోడ్ సరిగ్గా అక్కడే అంటుకోవాలి. మా అమ్మ ఒప్పుకోదు, అరికాలికి పెట్టమను. చెవిలో నూనె చుక్కలు మాత్రం ఆ రోజే కాదు, ఎప్పుడూ వేయనివ్వకు.

ఒకవేళ లోపం ఉందని తేలినా దిక్కుతోచని పరిస్థితేమీ కాదు. నెలల పిల్లలకూ వినికిడి మిషన్లు పెడతారు. దాంతో లాభం లేనివాళ్లకు ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం, కాక్లియర్ ఇంప్లాంట్, ఆరోగ్యశ్రీలో (ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్యసేవ) ఉంది. ఇప్పుడే ఆ ఆలోచన నీకు అక్కర్లేదు.

వచ్చేటప్పుడు పెద్దదాన్ని కూడా తీసుకురా. నాలుగేళ్ల పిల్ల టీవీకి అతుక్కుపోయి కూర్చోవడం, ఒకసారి పిలిస్తే పలికి ఇంకోసారి పలకకపోవడం, నోరు తెరిచి నిద్రపోవడం, ఇవన్నీ మొండితనం ఖాతాలో వేసేశారు మీరంతా. ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే కండ పెరిగి, కర్ణభేరి వెనక నీరు చేరి ఉండొచ్చు. టింపనోమెట్రీ అని, చెవిలోకి కొంచెం గాలి ఒత్తిడి ఇచ్చి కర్ణభేరి కదులుతోందో లేదో నిమిషంలో చూస్తారు. గీత బల్లపరుపుగా వస్తే నీరుందని అనుమానం. ఆ తర్వాత హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా డబ్బాలో ఒక బొమ్మ వేయమంటారు. దానికి అది ఆటే.

మా తమ్ముడికి కూడా చెప్పు. బండల పాలిష్ ఫ్యాక్టరీలో రోజంతా ఆ మిషన్ల మధ్య నిలబడేవాడు చెవులు చూపించుకోకపోతే ఎలా? 85 డెసిబెళ్లు దాటిన మోతలో రోజుకు 8 గంటల చొప్పున ఏళ్ల తరబడి పనిచేస్తే చెవి దెబ్బతింటుంది, పోయిన వెంట్రుక కణాలు తిరిగి మొలవవు. మోత వల్ల వచ్చిన లోపం ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడిని గీతగా చూపే కాగితంలో, 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలా కనబడుతుంది. షిఫ్టు దిగి నేరుగా రావద్దు, రాత్రంతా చెవులకు విశ్రాంతి ఇచ్చి పొద్దున రమ్మను. చెవిలో గుమిలి ఉంటే ముందు తీయించుకోవాలి. పరీక్షలో శబ్దం ఎంత సన్నగా వినబడినా బటన్ నొక్కాలి, ఊహించి మాత్రం నొక్కకూడదు. మధ్యలో ఒక చెవిలో హోరు పెడతారు, దాన్ని పట్టించుకోనవసరం లేదు. కాగితం మీద ఎర్ర సున్నాలు కుడి చెవివి, నీలం ఇంటూ గుర్తులు ఎడమవి. 25 డెసిబెళ్లలోపు ఉంటే బాగున్నట్టే.

ఎన్ఐసీయూ డిశ్చార్జి కాగితాలు, పాత ఓఏఈ చీటీ, ఆధార్ ఒకే కవర్లో పెట్టుకో. పిల్లవాడికి జలుబు చేస్తే మానేయకుండా ముందే ఫోన్ చేసి తేదీ మార్పించుకో.

మా అమ్మ కూడా బయలుదేరుతుంది, నువ్వు ఆపలేవు. ఎలాగూ వస్తుంది కాబట్టి ఆమెకూ ఆడియోగ్రామ్ తీయిద్దాం. ముందే చెప్పావో, గడప దాటదు.

నీ పెద్దమ్మ