మిర్చి యార్డు బొమ్మలు మంచం కింద ఎందుకు?

ప్రశ్న: గురువుగారూ, గుంటూరులో ఒక ప్రైవేటు పాఠశాలలో డ్రాయింగ్ టీచర్‌ని. నలభై దాటాయి, ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ లేదు. నీటిరంగుల్లో దేవుళ్ల బొమ్మలు, కాలువ గట్లు, మిర్చి యార్డు వేస్తుంటాను. అన్నీ మంచం కింద అట్టల మధ్య ఉన్నాయి. కొన్ని ఫొటోలు పంపుతున్నాను. లలిత కళా అకాడమీ జాతీయ ప్రదర్శనకు పంపమని స్నేహితులు అంటున్నారు. మరోచోట రుసుము కడితే చాలు, వెంటనే ప్రదర్శిస్తామంటున్నారు. నా బొమ్మలకు అంత స్థాయి ఉందా?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, స్థాయి తేల్చడానికి అక్కడ న్యాయనిర్ణేతలు ఉంటారు. ఆ బరువు కూడా మీరే నెత్తిన పెట్టుకుంటే వాళ్లకు పనేముంటుంది? మీ పని పంపడం.

దేవుళ్ల బొమ్మలు పొందికగానే ఉన్నాయి, కానీ క్యాలెండరు చూసి వేసినట్టు తెలిసిపోతోంది. వాటిని పక్కన పెట్టండి. కాలువ గట్లు కూడా ఈసారికి వద్దు. మిర్చి యార్డువి మాత్రం వేరు. టిక్కీల (మిర్చి బస్తాల) వరుస పక్కన కొంగు ముక్కుకు అడ్డం చుట్టుకుని తొడిమలు తీస్తున్న ఆవిడను చూడగానే నాకు ఘాటు తగిలి దగ్గు వచ్చినంత పనైంది. ఆ కళ్లలో నీళ్లు వేయకుండా, కనుబొమలు ముడిచి వదిలేశారు చూడండి, అది డిగ్రీతో వచ్చేది కాదు. నాలుగు రకాలవి తలా ఒకటి పంపితే మీరెవరో ఎవరికీ అర్థం కాదు. యార్డు బొమ్మలే పంపండి.

ఒక అనుమానం. ఆ ఎరుపు ఏ ట్యూబుది? అలిజరిన్ క్రిమ్సన్ అయితే జాగ్రత్త. ట్యూబు మీద రంగు పదార్థం గుర్తుగా పీఆర్ 83 అని ఉంటే ఆ రంగు వెలుతురుకు వెలిసిపోతుంది. మిరపకాయలు పాలిపోయాక ఆ బొమ్మలో మిగిలేది గోనె సంచులే. ఇకపై పీఆర్ 254 ఉన్న ఎరుపు కొనండి. ధర ఎక్కువే, ఎండకు మాత్రం నిలుస్తుంది. ఇప్పటికే వేసినవాటిని ఎండ తగలని చోట ఉంచండి.

ఫొటోల సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఒకదాని అంచున దుప్పటి పూలు, ఇంకోదాని మీద ఫ్యాను నీడ! ఉదయం కిటికీ పక్కన బొమ్మను గోడకు నిలబెట్టి, ఫోను దానికి సరిగ్గా ఎదురుగా పట్టుకుని, ఫ్లాష్ లేకుండా తీయండి. వడపోత జరిగేటప్పుడు వాళ్ల ముందుండేది సాధారణంగా ఈ ఫొటోలే. పేరు, మాధ్యమం, కొలతలు, వేసిన సంవత్సరం తప్పుల్లేకుండా రాయండి.

అకాడమీ 1954లో ఏర్పడిన జాతీయ సంస్థ. దాని ప్రాంతీయ కేంద్రం ఒకటి చెన్నైలో ఉంది. ప్రకటన వచ్చినప్పుడు నిబంధనలు మీరే చదవండి, స్నేహితుల మాట మీద ఆగవద్దు. ఎంపిక కాకపోయినా మరుసటిసారి పంపండి. ఈలోగా విజయవాడలో నలుగురైదుగురు కలిసి పెట్టే ప్రదర్శనల్లో చోటు అడగండి. అడగడం చిన్నతనం కాదు.

ఇక రుసుము. దరఖాస్తుకు కొంత తీసుకోవడం మామూలే. బొమ్మ చూడకుండానే ‘మీకు చోటు ఖాయం’ అన్నారంటే, వాళ్లకు కావలసింది మీ బొమ్మ కాదు. ఎంపిక ఎవరు చేస్తారు, బొమ్మ అమ్ముడైతే ఎంత పట్టుకుంటారు, దెబ్బతింటే ఎవరు భరిస్తారు, ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. జవాబు నసిగితే వదిలేయండి.

ఫ్రేము కట్టించేటప్పుడు కాగితానికీ అద్దానికీ మధ్య మౌంటు బోర్డు, అంటే నడుమ కోసిన మందపాటి అట్ట, తప్పనిసరి. మన కృష్ణా తీరపు ఉక్కకు కాగితం అద్దానికి అతుక్కుని బూజు పడుతుంది.

ఒక్క వరుసగా చూపడానికి యార్డు బొమ్మలు ఇంకో రెండు మూడు ఉంటే బాగుంటుంది. మే నెలలో యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేస్తారు కాబట్టి సరుకు జోరుగా వస్తున్నప్పుడే వెళ్లండి. ఈసారి కాటా దగ్గర నిలబడండి.