ఫోన్లో ఇచ్చిన మాట నమ్మి రాజీనామా ఇవ్వొచ్చా?

ప్రశ్న: మాది కావలి. ముత్తుకూరు దగ్గర వంటనూనెల ఫ్యాక్టరీలో నాలుగేళ్ల ఎనిమిది నెలలుగా చేస్తున్నాను. జీతం 32 వేలు, అందులో బేసిక్ 16 వేలు. శ్రీసిటీలో ఒక కంపెనీ వాళ్లు ఫోన్ చేసి 40 వేలు ఇస్తాం, నెలలో చేరమన్నారు. ఇక్కడ నోటీసు 60 రోజులు. ఇంటి లోన్ ఈఎంఐ 9 వేలు ఉంది. అమ్మకు కంట్లో శుక్లం ఆపరేషన్ చేయించాలి. రొట్టెల పండుగకు నెల్లూరు స్వర్ణాల చెరువులో, ఉద్యోగం కోరిక తీరాలని పంచే రొట్టె పట్టుకున్నాం కాబట్టి ఇక ఆలోచించొద్దంటోంది అమ్మ. రాజీనామా ఇచ్చేయనా?

జవాబు: రొట్టె చేతికి వచ్చింది, బాగుంది. ఆఫర్ లెటర్ కూడా రానివ్వండి. ఫోన్లో 'ఖాయం' అన్న మాటకు కట్టుబడాల్సిన అవసరం వాళ్లకు లేదు. నేనూ ఒకప్పుడు అలాంటి మాట నమ్మి రాజీనామా ఇచ్చాను. చేరాల్సిన తేదీ వెనక్కి, ఇంకా వెనక్కి పోయింది. నలభై రోజులు ఇంట్లో కూర్చున్నాను. జీతం వివరాలు, చేరే తేదీ ఉన్న లెటర్ వచ్చాకే ఇక్కడ కాగితం ఇవ్వండి. పాత ఉద్యోగం గురించి విచారణలు అయ్యాకే ఆఫర్ ఖాయం అని అందులో రాసుంటే, అవి ఎప్పటికి పూర్తవుతాయో కూడా అడగండి.

మీ విషయంలో అసలు లెక్క గ్రాట్యుటీది, అంటే ఐదేళ్లు పనిచేసి మానేస్తే కంపెనీ ఇచ్చే డబ్బుది. మీకు ఐదేళ్లు నిండటానికి ఇంకా నాలుగు నెలలుంది. బేసిక్‌ను (కరువు భత్యం ఉంటే అదీ కలిపి) 26తో భాగించి, 15తోను, సర్వీసు ఏళ్లతోను హెచ్చిస్తే గ్రాట్యుటీ వస్తుంది. మీకైతే ఐదేళ్లకు దాదాపు 46,150 రూపాయలు. ఈ రోజే రాజీనామా ఇస్తే నోటీసు అయ్యేసరికి నాలుగేళ్ల పది నెలలే అవుతుంది. ఐదో ఏట 240 రోజులు పనిచేస్తే చాలని మద్రాసు హైకోర్టు లాంటి చోట్ల తీర్పులున్న మాట నిజమే. కానీ కంపెనీ కాదంటే లేబర్ ఆఫీసు చుట్టూ తిరిగే ఓపిక మీకుండాలి.

నోటీసు కాలం కూడా సర్వీసే. అంటే రెండు నెలలు ఆగి రాజీనామా ఇస్తే, చివరి రోజుకు ఐదేళ్లు నిండుతాయి. ఆగినందుకు పోయేది నెలకు 8 వేల చొప్పున 16 వేలు, వచ్చేది 46 వేలు. పైగా ఆ 8 వేలూ మీకు మిగలవు. తడలోనో సూళ్లూరుపేటలోనో గది అద్దె, భోజనం, వారం వారం కావలి రావడం కలిపి చూసుకోండి. కాబట్టి నాలుగు నెలల తర్వాత చేరతానని శ్రీసిటీ వాళ్లను అడగండి. ఎలాగూ రెండు నెలల నోటీసు ఉందని వాళ్లకూ తెలుసు. ససేమిరా అంటే, గ్రాట్యుటీ పోతుంది కాబట్టి జాయినింగ్ బోనస్‌గానో, నోటీసు తగ్గించుకోడానికి కట్టే డబ్బుగానో ఏమిస్తారో అడిగి లెటర్‌లో రాయించుకోండి. ఏదీ కుదరకపోయినా పని నచ్చితే వెళ్లండి. 46 వేల కోసం మంచి ఉద్యోగం వదులుకోమని నేను చెప్పను.

అమ్మగారి ఆపరేషన్ మాత్రం వాయిదా వేయొద్దు. మీ కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులు ఉన్నారేమో ఈ వారమే హెచ్‌ఆర్‌ను అడగండి. ఉంటే రాజీనామా ఇవ్వకముందే నెల్లూరులో చేయించేయండి. ఆ కార్డు సాధారణంగా మీ చివరి పనిదినంతోనే ఆగిపోతుంది. కొత్త చోట తల్లిదండ్రులకు కవరేజీ ఉంటుందో లేదో చెప్పలేం.

పీఎఫ్ తీయకండి. అదే యూఏఎన్ నంబరు (ఎన్ని కంపెనీలు మారినా మారని మీ పీఎఫ్ నంబరు) కొత్త కంపెనీకి ఇచ్చి బదిలీ చేయించుకుంటే పాత సర్వీసు కలుస్తుంది, పెన్షన్‌కు కావాల్సిన పదేళ్ల సర్వీసు లెక్కకూ పనికొస్తుంది. పాత కంపెనీ వాళ్లు మీరు మానేసిన తేదీ నమోదు చేయకపోతే బదిలీ ఆగుతుంది. అది చేశారో లేదో చూసుకోండి. రెండు నెలలు దాటినా చేయకపోతే పీఎఫ్ పోర్టల్‌లో మీరే ఆ తేదీ వేసుకోవచ్చు.

చివరి నెల జీతం సెటిల్‌మెంట్ పేరుతో ఆగొచ్చు. నెల చివర్లో చేరితే కొత్త జీతం కూడా మరుసటి నెలకు పోతుంది. రెండు ఈఎంఐలకు 18 వేలు, ఇంటి ఖర్చులకు మరికొంత బ్యాంకులో విడిగా పెట్టుకున్నాకే హెచ్‌ఆర్ గది తలుపు తట్టండి.