అవకాడోలో మగ చెట్టు ఉండదు, దయచేసి కొట్టేయకండి

“మా అవకాడో చెట్టు విరగపూస్తుంది, ఒక్క కాయా నిలవదు. మగ చెట్టు, కొట్టేయమంటున్నారు. ఏం చేయాలి?” అని ఒకరు అడిగారు.

కొట్టేయకండి. బొప్పాయిలో మగ చెట్టు, ఆడ చెట్టు వేరుగా ఉంటాయి కాబట్టి, కాయని చెట్టు ఏది కనబడినా మగదని తీర్మానించేస్తారు మనవాళ్లు. అవకాడోలో ప్రతి పువ్వుకీ ఆడ భాగం, మగ భాగం రెండూ ఉంటాయి. చిక్కల్లా ఆ రెండూ ఒకే పూట పనిచేయకపోవడమే.

మదనపల్లెలో మా మామగారి పెరట్లోనూ ఇదే గొడవ. గింజ నుంచి లేచిన చెట్టు, డాబా ఎత్తు దాటేసింది. సంక్రాంతి వెళ్లాక పూతతో ఆకు కనబడేది కాదు. పిందె మాత్రం బఠాణీ అంతైనా కాకుండానే రాలిపోయేది. “ఇది మొగ చెట్టు నాయనా, కొట్టేసి మామిడంటు పెట్టుకుందాం” అని ఆయన మనిషిని కూడా మాట్లాడేశారు. ఒకటి రెండు రోజులు ఆగమన్నాను. డాబా మీదికి వంగిన కొమ్మలో, ఉదయం విచ్చుకున్న పూల కాడలకు ఎర్ర దారం కట్టాను. ఆ పూల మధ్యలో తెల్లటి కీలాగ్రం (పుప్పొడి అందుకునే ఆడ భాగం కొన) నిటారుగా ఉంది, చుట్టూ కేసరాలు (పుప్పొడినిచ్చే మగ భాగాలు) రేకుల మీద వెల్లకిలా పడుకున్నాయి. వేలు పెడితే పుప్పొడి అంటలేదు. మధ్యాహ్నానికి ముడుచుకుపోయాయి. మర్నాడు అన్నం తిని పైకి వెళ్తే, దారం కట్టిన ఆ పూలే మళ్లీ విచ్చుకుని ఉన్నాయి. ఈసారి కేసరాలు లేచి నిలబడ్డాయి, వేలికి పసుపుగా పుప్పొడి అంటింది. నిన్నటి కీలాగ్రం గోధుమ రంగుకు తిరిగి వాడిపోయింది. మామగారు కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశారు. తర్వాత ఆ మనిషికి ఫోన్ చేసి రావద్దన్నారు.

ఇలా పొద్దున ఆడగా, మర్నాడు మధ్యాహ్నం మగగా విచ్చుకునేది ‘ఎ’ (A) రకం. మధ్యాహ్నం ఆడగా, మర్నాడు పొద్దున మగగా విచ్చుకునేది ‘బి’ (B) రకం. ఒకదాని పుప్పొడి రాలే వేళకు రెండోదాని కీలాగ్రం సిద్ధంగా ఉంటుంది. అవకాడోల్లో హాస్, రీడ్, పింకర్టన్ అనేవి ‘ఎ’ రకం. ఫ్యూర్టె, బేకన్, జుటానో అనేవి ‘బి’ రకం. చలి ఎక్కువైతే ఈ వేళలు తారుమారై ఒంటి చెట్టుకీ కాయలు పడతాయి. “మా ఇంట్లో ఒక్కటే ఉంది, కాస్తోందిగా” అనేవాళ్ల మాట నమ్మి కూర్చోకండి.

మాకు ఇంకో చెట్టుకి చోటు లేదు. కొడగులో కాఫీ తోట ఉన్న స్నేహితుడి చేత, మధ్యాహ్నం ఆడపూలు విచ్చే చెట్టు పుల్లలు తెప్పించి ఇదే చెట్టు కొమ్మకు అంటు కట్టించాం. ఆ కొమ్మ పూతకొచ్చిన ఏడాది నుంచి కాయ నిలుస్తోంది. చుట్టుపక్కల మామిడి తోటలవాళ్లు తేనెమంచు పురుగు మందు పట్టపగలు కొట్టకుండా ఉంటే ఇంకా నిలిచేది. పుప్పొడి మోసేవి ఎక్కువగా తేనెటీగలే. అవి తిరిగే వేళ చూసి మరీ కొట్టడం ఏం న్యాయం? పొద్దుగూకాక కొట్టుకోవచ్చు కదా!

ఇక నా అసలు బాధ. ఇప్పుడు ఎవరిని కదిపినా హాస్ మొక్కే కావాలంటారు, ఎకరాలకు ఎకరాలు అదొక్కటే వేస్తున్నారు. కాలిఫోర్నియాలో లా హాబ్రా హైట్స్ అనే ఊళ్లో రుడాల్ఫ్ హాస్ అనే పోస్ట్‌మ్యాన్ నాటిన ఒక్క చెట్టు నుంచే ప్రపంచంలోని హాస్ మొక్కలన్నీ అంటుకట్టుకుంటూ వచ్చాయి. ఆయన 1935లో పేటెంట్ తీసుకున్నాడు. అంటే తోటంతా హాస్ వేస్తే పూత విషయంలో ఒకే చెట్టు వేసినట్టు. నర్సరీలో “ఇజ్రాయెల్ మొక్క సార్” అని రేటు చెప్తారు, పూత ఏ రకమని అడిగితే మన మొహం చూస్తారు.

ఆ తల్లి చెట్టు 2002లో వేరుకుళ్లుతో చచ్చిపోయింది. ఆ తెగులు తెచ్చే సూక్ష్మజీవిని 1922లో మొదట గుర్తించింది సుమత్రాలో, దాల్చినచెక్క చెట్ల మీద. అవకాడో, దాల్చినచెక్క, కర్పూరం, బిర్యానీ ఆకు, అగరుబత్తీల కోసం మన మన్యంలో చెక్క ఒలిచే నరమామిడి, అన్నీ ఒకే కుటుంబం. ఈ తెగులు నీళ్లు నిలిచే మట్టిలో బలుస్తుంది, అందుకే మొదలు చుట్టూ పాదు చేసి నీళ్లు నిలపొద్దు. మట్టి ఎత్తు చేసి, ఎండాకులు పరిచి, తడి కాస్త దూరంగా ఇవ్వండి.

ఈసారి పూత మీదున్నప్పుడు పొద్దున తొమ్మిదింటికి, మధ్యాహ్నం మూడింటికి విచ్చుకున్న పువ్వును దగ్గర్నుంచి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ఏ రకమో చూసి, ఏ పుల్లలు తెచ్చి అంటు కట్టించుకోవాలో చెప్తాను.