ఆడపిల్ల అని ఇచ్చారు, ఇదేంటి డాక్టర్ గారూ?

ఆడ, మగ లక్షణాలు కలిసి పుట్టే కుక్కల గురించి వచ్చిన ఉత్తరాలన్నీ ఒకచోట పెట్టి ఈసారి వాటికే జవాబు రాస్తున్నాను. పేరు వేయొద్దని అడిగినవాళ్లే ఎక్కువ. కుక్క ఏం తప్పు చేసిందని అంత గుట్టో నాకైతే అర్థం కాలేదు. సరే, మీ ఇష్టం, పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మా కాకర్ స్పానియల్‌కి 8 నెలలు. ఆడపిల్ల అని ఇచ్చారు, స్వీటీ అని పిలుచుకుంటున్నాం. కొన్నాళ్లుగా మూత్రం పోసే చోట వేలి కొనంత గులాబీ రంగు ముక్క బయటికి వచ్చి కనిపిస్తోంది, అస్తమానం దాన్నే నాకుతూ కూర్చుంటుంది. ఇంతవరకు ఎదకి రాలేదు, కాలు సగం ఎత్తి పోస్తుంది. ఇక్కడి డాక్టర్ చూసి రెండూ కలిసిన కేసు, ఆపరేషన్ చేయించండి అన్నారు. మా అత్తగారేమో ఇలాంటిది ఇంట్లో ఉండకూడదు, ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు. ఆపరేషన్ నిజంగా అవసరమా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు అత్తగారి సంగతి చూద్దామమ్మా. ఇది అంటుకునే జబ్బు కాదు, దోషమూ కాదు, తల్లి కడుపులో పిండం తయారయ్యేటప్పుడే జరిగిపోయిన తేడా. పెద్దావిడతో వాదన పెట్టుకోకండి, ఆపరేషన్ అయ్యాక బయటికి కనిపించేది ఏమీ ఉండదని మాత్రం చెప్పండి. చాలామందికి కళ్లబడేదాంతోనే ఇబ్బంది.

ఇక ఆపరేషన్. అవసరమే, కానీ అది బయటికి కనిపిస్తున్న ముక్క కోసం మాత్రమే కాదు, కనిపించకుండా లోపల ఉన్నదాని కోసం.

కుక్కకి 78 క్రోమోజోములు. ఆడదానికి ఎక్స్ ఎక్స్, మగదానికి ఎక్స్ వై, ఇది మీరు బళ్లో చదువుకున్నదే. వై మీద ఎస్ఆర్‌వై అనే జన్యువు ఉంటే పిండంలో వృషణాలు, లేకపోతే అండాశయాలు తయారవ్వాలి. స్వీటీలాంటి వాటికి పరీక్ష చేస్తే చాలావరకు ఎక్స్ ఎక్స్ అనే వస్తుంది, వై ఉండదు, ఎస్ఆర్‌వై కూడా దొరకదు, అయినా లోపల వృషణమో, సగం అండాశయం సగం వృషణం కలిసిన గడ్డో తయారై కూర్చుంటుంది. మనుషుల్లో ఎక్స్ ఎక్స్‌తో మగవాళ్లుగా పుట్టినవారిలో ఎక్కువమందికి ఆ ఎస్ఆర్‌వై ముక్క ఇంకో క్రోమోజోముకి అతుక్కుని దొరుకుతుంది, కుక్కల్లో అలా కాదు. అమెరికన్ కాకర్ స్పానియల్‌లో ఇది తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ జన్యువులు కలిసినప్పుడు బయటపడుతుందని తేలింది. ఇంగ్లిష్ కాకర్, బీగిల్, పగ్, జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ లాంటి జాతుల్లోనూ చూశారు.

ఆ వృషణం భాగం మగ హార్మోన్ వదులుతుంది కాబట్టి క్లిటోరిస్ (యోనిద్వారం దగ్గరుండే చిన్న అవయవం) పెరిగి మీరు రాసిన ముక్కలా బయటికి వస్తుంది. ఒక్కోసారి అందులో చిన్న ఎముక కూడా ఉంటుంది, ఎక్స్‌రేలో తెలుస్తుంది. కాలెత్తడం, ఎదకి రాకపోవడం కూడా ఆ లెక్కలోవే. లోపల ఉండిపోయిన వృషణంలో వయసు పెరిగేకొద్దీ కణితులు పుట్టే అవకాశం, మామూలుగా కిందికి దిగిన వృషణంతో పోలిస్తే, చాలా ఎక్కువ. ఒక్కోసారి అది మెలిపడి, కుక్క ఉన్నట్టుండి కడుపునొప్పితో కుప్పకూలుతుంది. వీటిల్లో చాలావాటికి గర్భసంచి కూడా ఉంటుంది, దాంట్లో చీము పట్టొచ్చు. అందుకే లోపలి గడ్డలు రెండూ, గర్భసంచి అన్నీ ఒకేసారి తీసేస్తారు. రేపే పరుగెత్తాల్సిన పని లేదు, అలాగని చూద్దాంలే అని ఏళ్లు గడపకండి.

బయటి ముక్క విషయంలో డాక్టర్‌ని రెండు మాటలు అడగండి: ఎముక ఉందా, మూత్రం ఎక్కడి నుంచి వస్తోంది. లోపలివి తీసేశాక హార్మోన్ ఆగి ఆ ముక్క కొంత కుంచించుకుపోవచ్చు, ఎముక ఉంటే మాత్రం దానంతట అది పోదు, విడిగా తీయాల్సిందే. మూత్రనాళం దాని పక్కనే ఉంటుంది కాబట్టి చెయ్యి తిరిగిన సర్జన్ చేయాలి. మీకు గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల దగ్గరే, అక్కడ ఒకసారి చూపించండి. తీసిన గడ్డల్ని పారేయకుండా ఫార్మలిన్‌లో (కుళ్లిపోకుండా ఉంచే ద్రవంలో) వేసి పరీక్షకి పంపమని ముందే చెప్పండి, లోపల ఉన్నది ఏమిటో ఖాయంగా చెప్పేది ఆ పరీక్షే. క్రోమోజోముల పరీక్ష వీలైతే మంచిదే, దాని రిపోర్టు కోసం ఆపరేషన్ వాయిదా వేయనక్కర్లేదు.

అప్పటిదాకా ఇంట్లో చేయాల్సింది కొంచెమే. గోరువెచ్చని నీళ్లతోనో సెలైన్‌తోనో తుడవండి, ఆ ముక్క ఎండిపోకుండా మందుల షాపులో దొరికే మామూలు లూబ్రికెంట్ జెల్లీ రాయండి, నాకకుండా మెడకి కోన్ వేయండి. డెట్టాల్ వద్దు. పసుపు కూడా వద్దు, ఎలాగూ నాకేస్తుంది. మనుషుల నొప్పి మాత్రలు అసలు ఇవ్వకండి, ఇబుప్రోఫెన్ కుక్కలకి విషం. ముక్క నల్లబడినా, రక్తం కారినా, మూత్రానికి ముక్కుతున్నా మాత్రం ఆ రోజే తీసుకెళ్లండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఇలాంటివాటికి మళ్లీ మళ్లీ వస్తుంటుంది, ఒకసారి యూరిన్ కల్చర్ చేయిస్తే ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా మినియేచర్ ష్నాజర్‌కి 5 ఏళ్లు, మగది. చిన్నప్పటి నుంచి ఒక వృషణమే కిందికి దిగింది, మేం పట్టించుకోలేదు. ఇప్పుడు నీళ్లు తెగ తాగుతోంది, తిండి తగ్గింది. స్కానింగ్‌లో గర్భసంచి కనిపించింది, నిండా ద్రవం ఉంది అన్నారు. మగకుక్కకి గర్భసంచి ఏంటండీ? రిపోర్టు తారుమారు కాలేదు కదా?

జవాబు: తారుమారు కాలేదు. ఇది చదివే టైమ్‌కి మీరు ఇంకా ఇంట్లోనే ఉంటే, పత్రిక పక్కన పెట్టి ముందు ఎమర్జెన్సీ ఆసుపత్రికి బయల్దేరండి, మిగతాది దారిలో చదువుకోవచ్చు. గర్భసంచిలో చీము నిండితే ఆ విషం రక్తంలోకి పాకుతుంది. తెరిచి తీయడమే దీనికి దారి, మాత్రలతో నెట్టుకొచ్చేది కాదు.

మొదట్లో ప్రతి పిండంలోనూ గర్భసంచిగా మారగల నాళాలు ఉంటాయి. మగ పిండం అయితే వృషణాలు ఏఎంహెచ్ అనే హార్మోన్ పంపి వాటిని కరిగించేస్తాయి. మీ ష్నాజర్‌లాంటి కుక్కల్లో ఆ హార్మోన్ బాగానే వస్తుంది, అందుకునే రిసెప్టర్ చెడిపోయి ఉంటుంది. ఉత్తరం వచ్చింది, తీసుకోడానికి ఇంట్లో మనిషి లేడు, అంతే. దాంతో గర్భసంచి మిగిలిపోతుంది. బయటికి చూస్తే పూర్తిగా మగకుక్కే, క్రోమోజోములూ ఎక్స్ వైయే. సుమారు సగం కుక్కల్లో ఒకటో రెండో వృషణాలు దిగవు, మిగతావాటికి అదీ ఉండదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మినియేచర్ ష్నాజర్‌లో దీనికి కారణమైన జన్యులోపాన్ని 2009లో గుర్తించారు, బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి పంపే డీఎన్ఏ పరీక్ష ఉంది. వృషణాలు, గర్భసంచి అన్నీ ఈ ఆపరేషన్‌లోనే తీసేయమనండి. కోలుకున్నాక డీఎన్ఏ పరీక్ష చేయించి ఆ రిపోర్టు పిల్లని అమ్మిన బ్రీడర్‌కి పంపండి, వాళ్లకి నచ్చకపోయినా సరే.

ప్రశ్న: మా లాబ్రడార్‌కి 9 ఏళ్లు, ఒక వృషణమే కనిపిస్తుంది. ఈమధ్య రెండు పక్కలా ఒకేలా వెంట్రుకలు ఊడిపోతున్నాయి, చనుమొనలు ఉబ్బాయి, వీధిలో మగకుక్కలు దీని వెంట పడుతున్నాయి. ఇది కూడా అదేనా?
- వరంగల్ నుంచి

జవాబు: పుట్టుకతో వచ్చిన తేడా అంటే మీవాడి విషయంలో వృషణం దిగకపోవడమే, ఇప్పుడు కనిపిస్తున్నది దాని ఫలితం అయ్యుండొచ్చు. లోపలి వృషణంలో సెర్టోలి కణాలకి (వీర్యకణాల్ని పోషించే కణాలకి) కణితి వచ్చి ఆడ హార్మోన్ వదులుతుంటే సరిగ్గా మీరు రాసినట్టే ఉంటుంది. చర్మం డాక్టర్ ఇచ్చే షాంపూలతో టైమ్ వేస్ట్ చేయకండి. కడుపు స్కానింగ్, ఛాతీ ఎక్స్‌రే, అన్నిటికన్నా ముందు బ్లడ్ కౌంట్ చేయించండి, ఎందుకంటే ఆ హార్మోన్ ఎముక మజ్జని అణిచేస్తుంది, ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటే ఆపరేషన్ బల్ల మీద రక్తం ఆగదు. మజ్జ బాగానే ఉండి కణితి తీసేస్తే కొన్ని నెలల్లో వెంట్రుకలు తిరిగి వస్తాయి. ఇది చదివే మిగతావాళ్లకి ఒక మాట: పిల్లకి 6 నెలలు వచ్చేసరికి రెండూ దిగకపోతే ఇక దిగుతాయని చూడొద్దు, తీయించేయండి.

ప్రశ్న: కాలనీలో మేం అన్నం పెట్టే వీధికుక్కని మున్సిపాలిటీ వాళ్లు తీసుకెళ్లి ఆపరేషన్ చేసి చెవికి కోత పెట్టి వదిలేశారు. ఆడకుక్కే అనుకున్నాం, లోపల వృషణాలు దొరికాయని చెప్పారు. మేం ప్రత్యేకంగా ఏమైనా చూసుకోవాలా?
- కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: రెండూ తీశారా, ఒకటేనా అన్నది మున్సిపాలిటీకి ఫోన్ చేసి కనుక్కోండి. రెండూ తీసేసి ఉంటే మిగతా కుక్కల్లాగే. ఒకటే దొరికి ఇంకోటి లోపల ఉండిపోయిందంటే మాత్రం రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో స్కానింగ్ చేయించడం మంచిది. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఆపరేషన్‌తోపాటు రేబిస్ టీకా కూడా వేయాలి, వేశారో లేదో అదే ఫోన్‌లో అడగండి. ఏటా బూస్టర్ మీరే చూసుకోవాలి.

ప్రశ్న: ఇంట్లోనే బీగిల్స్ బ్రీడింగ్ చేస్తాను. ఈసారి పిల్లల్లో ఒకటి మీరు చెప్పేలాంటిది పుట్టింది. జంటలో మగదాన్ని మారిస్తే సరిపోతుందా? కడుపుతో ఉన్నప్పుడు తల్లికి వేయించిన హార్మోన్ ఇంజెక్షన్ వల్ల ఇలా అయి ఉంటుందా?
- గుంటూరు నుంచి

జవాబు: ఇంజెక్షన్ వల్ల కూడా కావచ్చు. కడుపుతో ఉన్న కుక్కకి మగ హార్మోన్లుగానీ, కొన్ని రకాల ప్రొజెస్టోజెన్లు (గర్భం నిలవడానికి వేసే హార్మోన్లు) గానీ వేస్తే ఆడపిల్లలు మగ లక్షణాలతో పుడతాయి. అప్పుడు లోపల ఉండేవి అండాశయాలే. ఆ పిల్లకి ఆపరేషన్ చేయించినప్పుడు గడ్డ పరీక్షకి పంపితే తేలిపోతుంది: వృషణ కణజాలం కనిపించిందంటే నేరం ఇంజెక్షన్‌ది కాదు, వంశానిది.

అలా తేలితే మగదాన్ని మార్చడం సమస్యని ఇంకో నాలుగిళ్లకి పంచడమే. ఆ చెడ్డ జన్యువుని తల్లీ తండ్రీ రెండూ మోస్తున్నట్టే లెక్క, బాగా కనిపిస్తున్న తోబుట్టువుల్లోనూ కొన్ని మోస్తుంటాయి. ఆ తల్లినీ తండ్రినీ ఇక కట్టించకండి, ఈ ఈతలో మిగతా పిల్లల్ని కొన్నవాళ్లకి ఫోన్ చేసి వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమనండి. నష్టమే, కాదనను. ఇంకోటి, 2017 నిబంధనల ప్రకారం కుక్కల బ్రీడింగ్ చేసేవారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ కావాలి, 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. మీరు రిజిస్టర్ అయ్యారో లేదో రాయలేదు.

ప్రశ్న: టీకా కార్డులో ఆడ, మగ అని రెండే గళ్లు ఉన్నాయి. మా పగ్‌కి ఏది టిక్ పెట్టాలి?
- రాజమండ్రి పాఠకుడు

జవాబు: మీరు ఎలా పిలుస్తున్నారో అదే పెట్టండి, టీకాకి ఆ తేడా లేదు. దాని కింద మాత్రం ఏ అవయవాలు తీశారు, ఏ తేదీన, గడ్డ పరీక్షలో ఏం వచ్చింది అన్నది డాక్టర్ చేత రాయించండి. ఊరు మారి కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన చూసేది ఆ రెండు లైన్లే.