అమ్మాయి ఆట మానింది, జట్టును మానలేదు

డాలస్ నుంచి ఒక తల్లి రాశారు: "మా అమ్మాయికి 22 ఏళ్ళు. నాలుగేళ్ళు కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడి, మేలో డిగ్రీ పూర్తి చేసింది. చేతిలో సాఫ్ట్‌వేర్ ఆఫర్ ఉన్నా, మాస్టర్స్ చదువుతూ అదే జట్టులో కోచ్‌లకు సాయపడే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరతానంటోంది. వాళ్ళ నాన్న మాట్లాడటం మానేశారు. పైగా ఇప్పటికీ ఇద్దరు జూనియర్ ప్లేయర్లతో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటోంది."

అమ్మా, ఇది బంతులు అందించే పని అని మీవారు అనుకుంటున్నట్టున్నారు. ఎరిక్ స్పోల్‌స్ట్రా పోర్ట్‌లాండ్ యూనివర్సిటీకి ఆడారు, 1995లో మయామీ హీట్ అనే ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టు వీడియో విభాగంలో చేరారు, 2008లో అదే జట్టుకు హెడ్ కోచ్ అయ్యారు. అందరికీ అలా కలిసిరాదు, ఆయనకే పదమూడేళ్ళు పట్టింది. అందుకే ముందు షరతులు కాగితం మీదికి రానివ్వండి.

జీతం తొమ్మిది నెలలా, పన్నెండా? ట్యూషన్ మాఫీలో ఫీజులు కూడా కలిశాయా? ఆరోగ్య బీమా లేకపోతే 26 ఏళ్ళు నిండేదాకా మీ పాలసీలో ఉండొచ్చు. చాలామంది అడగడం మరిచిపోయేది ఒకటుంది: హెడ్ కోచ్ మారితే ఏమిటి? కొత్త కోచ్ తన మనుషుల్ని తెచ్చుకుంటారు. అప్పుడు మాస్టర్స్ మధ్యలో ట్యూషన్ మాఫీ ఆగిపోతుందా అన్నది ఈమెయిల్‌లో రాయించుకోవాలి. ఆ జవాబు చూపించి, మాస్టర్స్ అయ్యే రెండేళ్ళు గడువు అడగమనండి. వాళ్ళ నాన్నకు ఉపన్యాసం కంటే అదే నమ్మకమిస్తుంది.

నాకు అసలు బెంగ ఆ అపార్ట్‌మెంట్ గురించే. రేపు ఏ ప్లేయర్ ఆలస్యంగా వచ్చిందో కోచ్‌కి చెప్పాల్సింది మీ అమ్మాయే. రాత్రి ఒకే వంటగదిలో కూర్చుని పొద్దున ఆ పని చేయలేదు. చేస్తే వాళ్ళు ద్రోహం అనుకుంటారు, చేయకపోతే కోచ్ నమ్మకం పోతుంది. ప్రాక్టీసులు మొదలయ్యేలోగా ఇల్లు మారాలి. లీజు మిగిలివుంటే సబ్‌లీజుకివ్వాలి. ప్లేయర్ల గ్రూప్ చాట్ నుంచి చెప్పాపెట్టకుండా తప్పుకుంటే మనసులు నొచ్చుకుంటాయి. ముందే ఎదురుగా కూర్చుని, "ఇకమీదట నాకు తెలిసినవి కొన్ని కోచ్‌కి చెప్పక తప్పదు, అందుకే బయటికి వస్తున్నాను" అని చెప్పాలి. లైంగిక వేధింపుల సంగతి చెవిన పడితే సిబ్బంది పై అధికారులకు తెలియజేసి తీరాలన్న నియమం చాలా యూనివర్సిటీల్లో ఉంది. ఎవరో నమ్మి చెప్పుకున్నాక కాదు, ఇప్పుడే ఆ మాట వాళ్ళకు తెలియాలి. ప్రాక్టీసులో తను దిగి ఆడొచ్చా, డ్రిల్స్ నేర్పొచ్చా అన్నది ఆ హోదాను బట్టి ఉంటుంది కనుక, నిబంధనల అమలు చూసే యూనివర్సిటీ కంప్లయన్స్ ఆఫీసును అడగకుండా ఆట కోర్టులో కాలు పెట్టవద్దనండి.

సీజన్ నవంబరులో మొదలవుతుంది. మ్యాచ్ ముగిసిన రాత్రే వీడియో కత్తిరించి, తర్వాతి ప్రత్యర్థి ఆటలు చూసి నోట్సు రాయాలి. మీ ఫోన్ ఎత్తకపోతే అలిగిందనుకోకండి. ఎత్తినప్పుడు కూడా ఎవరికి దెబ్బ తగిలింది, ఎవరు ఆడరు అని అడగకండి. పందేలు కాసేవారికి జట్టు సమాచారం ఇవ్వడం అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ నిబంధనల ప్రకారం తప్పు, మీకు చెప్పిన మాట బంధువుల వాట్సాప్‌లో ఎక్కడిదాకా పోతుందో మీ చేతిలో ఉండదు. తిన్నావా, నిద్రపోయావా అని మాత్రం తప్పకుండా అడగండి.