ఇంట్లో చోటిచ్చే ముందు

చిరంజీవి మేనల్లుడికి, అమెరికాలోని అరిజోనా రాష్ట్రం టూసాన్ నుంచి మీ అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఆశ్రయం దరఖాస్తు తిరస్కరించగా అప్పీలు చేసుకుని ఎదురుచూస్తున్న గ్వాటెమాలా తల్లీకొడుకులను మీ ఇంట ఉంచుకోదలచామని నీవు వ్రాసిన ఉత్తరం చేరింది. వద్దని అనను. అయితే లాయరును కలవనిదే మాట ఇవ్వవద్దు. వాళ్ల లాయరు వాళ్ల మేలు చూస్తాడు గనుక నీకు వేరొకరు కావాలి. దేశంలో ఉండే అనుమతి లేదని తెలిసి దాచడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అందుకు ఐదేళ్ల వరకు, సొంత లాభం కోసం చేస్తే పదేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. అందుచేత వాళ్ల దగ్గర అద్దె తీసుకోకు, ఇంటిపని చేయించుకోకు. నీవు పౌరుడివే గాని నీ భార్యకు ఇంకా గ్రీన్ కార్డే కదా, ఆ నేరం రుజువైతే ఆమెను దేశం నుంచి పంపివేయవచ్చు. 1986లో పౌరసత్వం వచ్చేవరకు మేమూ ఎవరినీ ఇంట్లో పెట్టుకోలేదు, వండి పంపేవాళ్లం. అది చిన్న సాయమని ఎవరూ అనలేదు.

ఇక్కడి 1980 నాటి శరణార్థుల చట్టం చక్కగానే ఉండేది. కాని మధ్య అమెరికా దేశమైన ఎల్ సాల్వడార్ సైన్యానికి డబ్బూ ఆయుధాలూ ఇస్తున్న అమెరికా ప్రభుత్వం, ఆ సైన్యానికి భయపడి పారిపోయి వచ్చినవాళ్లను శరణార్థులని ఒప్పుకోలేక, బతుకుదెరువు కోసం వచ్చారని ముద్ర వేసి, 1984లో నూటికి ముగ్గురికైనా ఆశ్రయం ఇవ్వలేదు. ఎల్ సాల్వడార్ క్రైస్తవ మతగురువు ఆర్చిబిషప్ రొమేరో హత్య జరిగి సరిగ్గా రెండేళ్లయిన రోజున, అంటే 1982 మార్చి 24న, మా ఊరి సౌత్‌సైడ్ ప్రెస్బిటేరియన్ చర్చి పాస్టరు జాన్ ఫైఫ్ తమ చర్చిలో వాళ్లకు చోటిస్తున్నామని బహిరంగంగా ప్రకటించారు. మేకలు పెంచుకునే జిమ్ కార్బెట్ అనే క్వేకరు (అదొక క్రైస్తవ శాఖ) అంతకుముందే వాళ్లను తన ఇంట ఉంచుకునేవారు. ఆ తరువాత ప్రభుత్వం కూలికి పెట్టుకున్న వేగులు టేపు రికార్డర్లు దాచుకుని వచ్చి సమావేశాల్లో కూర్చున్నారు. 1986 మే నెలలో ఈ సాయం చేసినవాళ్లలో ఎనిమిదిమంది దోషులని తీర్పు వచ్చింది, ఎవరికీ జైలు మాత్రం పడలేదు.

అందుకే చెబుతున్నాను, ఈ సంగతి తెలుగు సంఘం విందుల్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ ఎత్తకు. అధికారి వచ్చి అడిగితే మాత్రం అబద్ధం ఆడకు, అది మరో నేరమవుతుంది. లాయరుతో మాట్లాడాకే చెబుతానను, చాలు.

ఇక ఇంటి సంగతి. మనవాళ్లకు గుమ్మంలో అడుగుపెట్టిన వాళ్లను ఏ ఊరు, ఎవరి తాలూకు, ఎందుకొచ్చారని అడిగేసే అలవాటు ఉంది. ఆ తల్లిని ఏదీ అడగకు, తనంతట తాను చెబితే విను. లాయరు ముందు, జడ్జి ముందు ఆ కథ ఎన్నిసార్లు చెప్పిందో, ఎన్నిసార్లు నమ్మలేదో ఆమెకే తెలుసు. పైగా గ్వాటెమాలా కొండప్రాంతపు వాళ్లలో చాలామంది మాతృభాష మామ్, కిచే వంటి మాయా భాషల్లో ఒకటి. నీ స్పానిష్‌కు ఆమె తలూపినంత మాత్రాన అర్థమైందనుకోకు.

మా ఇంట ఉన్న సాల్వడార్ ఆమె వారం రోజులు నా పప్పుచారు మాట్లాడకుండా తిన్నది. నేను మురిసిపోయాను. ఎనిమిదో రోజున మొక్కజొన్న పిండి తెచ్చి పొయ్యి ఆమెకు అప్పగిస్తే, టోర్టియాలు కాల్చుకుని నిలబడే ఆరు తిన్నది. నీవు ఆ పిండి మొదటిరోజే తెచ్చిపెట్టు.

పిల్లవాడిని బడిలో చేర్చడానికి జంకనక్కరలేదు. అనుమతి పత్రాలు లేవని ప్రభుత్వ బడి పిల్లలను కాదనరాదని సుప్రీంకోర్టు 1982లోనే తీర్పు చెప్పింది.

తిరస్కరణ ఉత్తరంతో సహా ప్రతి కాగితాన్నీ కవరుతో పాటు దాచిపెట్టించు. మా ఇంట ఉన్న ఆమె తనకొచ్చిన ఉత్తరాన్ని చింపబోతే మీ మామయ్య లాక్కుని బీరువాలో పెట్టారు. ప్రభుత్వంపై చర్చిలు వేసిన దావా 1991లో రాజీతో ముగిసి, అప్పటికే కాదన్న సాల్వడార్, గ్వాటెమాలా వాళ్ల దరఖాస్తులను మళ్లీ మొదటినుంచి విచారించవలసి వచ్చినప్పుడు, ఆమె లాయరు ముందుగా అడిగింది ఆ ఉత్తరాన్నే.

నీ భార్య ఏమంటున్నదో నీ ఉత్తరంలో లేదు. ఆమెనే స్వయంగా వ్రాయమను.

ఇట్లు,
మీ అత్తయ్య